కొల్లాపూర్ శాఖ సెలవుల లెక్క

జోడుగుట్ట,
2 ఫిబ్రవరి 2023

కొల్లాపూర్ శాఖ సేల్స్‌మన్ భిక్షపతి గారికి,

నమస్కారం. నా పేరు స్వర్ణలత. మన జోడుగుట్ట చేనేత సహకార సంఘంలో గోపయ్య గారు రిటైరయ్యాక ఆయన కుర్చీలో కూర్చున్న కొత్త అకౌంటెంట్‌ని. వచ్చి ఆరు నెలలే అయింది. మిమ్మల్ని ఇంతవరకు చూడలేదు గానీ మీ పేరు వినని రోజు లేదు. ఇక్కడ ఎవరైనా ఒక పూట సెలవు అడిగితే చాలు, కార్యదర్శి అశోక్‌కుమార్ గారు "కొల్లాపూర్‌ల భిక్షపతిని జూసి నేర్చుకోండ్రి" అంటారు. అందువల్ల ఇక్కడ మీరంటే గౌరవం ఉంది, కొంచెం కోపం కూడా ఉంది.

అసలు విషయానికి వస్తాను. ఈ ఏడు ఆడిటర్ గారు కొత్త పేచీ పెట్టారు. ఉద్యోగులు వాడుకోకుండా మిగుల్చుకున్న సెలవులు కూడా సంఘం నెత్తిన ఉన్న బాకీయేనట. ఎవరికి ఎన్ని మిగిలాయో మనిషి మనిషికీ లెక్కగట్టి మార్చి ఆఖరుకల్లా పద్దులో చూపించాలట. సంఘం పుట్టి నలభై ఏళ్లయినా మనవాళ్లు ఆ పద్దు ఎన్నడూ రాయలేదు. నిబంధనల పుస్తకం దుమ్ము దులిపి చూశాను. ఏడాదికి పదిహేను సంపాదిత సెలవులు, పది జబ్బు సెలవులు. సంపాదిత సెలవులు మిగిలితే రిటైరయ్యే రోజున రెండు వందల నలభై రోజుల దాకా జీతం కట్టి ఇస్తారు. జబ్బు సెలవులు మిగిలితే మురిగిపోతాయి, పైసా రాదు. ఆరోగ్యంగా ఉన్నందుకు జరిమానా అనుకోండి.

మార్చి 31న మీరు రిటైరవుతున్నారు కనుక ముందు మీ లెక్క తేల్చాలి. 1992లో చేరినప్పటి నుంచి ఎన్ని సెలవులు వాడుకున్నారో రాసి, సంతకం పెట్టి పంపండి. ఫోన్‌లో చెబితే చెల్లదు, ఆడిటర్ గారికి కాగితం కావాలి. ఈ ఉత్తరం ఎప్పటిలాగే రేపటి చీరల మూటలో పెట్టి బస్సులో వేయిస్తాను.

ఇట్లు,
స్వర్ణలత, అకౌంటెంట్

తా.క.: మహాసభలో మీకు సన్మానం ఉంది. "ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క రోజూ సెలవు పెట్టని ఉద్యోగి" అని ప్రశంసాపత్రం అచ్చుకు ఇచ్చాం. కప్పే శాలువా మన సంఘంలో నేసిందే. మీ షాపులో అమ్ముడుపోక తిరిగొచ్చిన సరుకులోంచి తీశాం.

---

కొల్లాపూర్,
3 ఫిబ్రవరి 2023

అకౌంటెంట్ స్వర్ణలత గారికి,

భిక్షపతి నమస్కారాలు. ఇక్కడ నేను, నా భార్య ఆండాళు, బీరువాల్లోని చీరలు అందరం క్షేమం. చీరలు కొంచెం తక్కువ క్షేమంగా ఉంటే బాగుండేది, అమ్ముడుపోయేవి.

మీరు అడిగిన లెక్కకు ఇంత పెద్ద కాగితం దండగ. సున్నా. ముప్ఫై ఒక్క ఏళ్లలో వాడుకున్న సెలవులు సున్నా. మీరు పత్రంలో వేయించిన మాట నిజమని నా చేత్తో రాసి ఇస్తున్నాను.

సెలవు పెట్టి నేను ఎక్కడికి పోతాను చెప్పండి. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. నడుమ ఒక పరదా ఉంది. పొద్దున పరదా ఇటు దాటితే డ్యూటీ ఎక్కినట్టు, రాత్రి అటు దాటితే దిగినట్టు. 2011 మహాసభలో అప్పటి అధ్యక్షుడు నన్ను లేపి నిలబెట్టి "ఒక్క సెలవు పెట్టని మనిషి" అని చెప్పి చప్పట్లు కొట్టించాడు. మా నాయిన మగ్గం గుంటలో కూర్చుని చనిపోయేదాకా నేసిన మనిషి. ఆయనకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ రోజు నుంచి ఆ మాట మీద గీత పడకుండా చూసుకుంటున్నాను. మీరు కొత్తవారు కనుక ఇంత వివరంగా రాశాను, ఏమీ అనుకోవద్దు.

ఈ వారం అమ్మకాలు: చీరలు పదకొండు, తువ్వాళ్లు ముప్ఫై, లుంగీలు ఆరు. డబ్బు బ్యాంకులో కట్టాను, రసీదు జత చేశాను.

ఇక సెలవు.

ఇట్లు,
భిక్షపతి

తా.క.: ఆ శాలువా నాకు గుర్తుంది. ఎడమ అంచులో రెండు పోగులు తెగి ఉంటాయి. ఫొటో తీసేటప్పుడు అటువైపు లోపలికి మడవమని చెప్పండి.

---

జోడుగుట్ట,
9 ఫిబ్రవరి 2023

భిక్షపతి గారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

మీరు సున్నా అని రాశారు. సంతోషంగానే కంప్యూటర్‌లో ఎక్కించబోయాను. ఎందుకైనా మంచిదని గోపయ్య గారు రాసిన పాత రిజిస్టర్లు తీశాను. శాఖల నుంచి ఏ ఉత్తరం వచ్చినా తేదీ, పంపినవారి పేరు, విషయం అని మూడు గళ్లలో ఆయనే, రిటైరయ్యాక కూడా పోయిన నెల దాకా వచ్చి, రాసి పెట్టేవారు. మీ పేరు ఎదురుగా "విషయం" గడిలో ఏముందో తెలుసా? "సెలవు". కింద ఇంకో వారం చూశాను, సెలవు. ఆ కింద, సెలవు. రెండు రోజులు కూర్చుని లెక్కపెట్టాను. మొత్తం 1,486 సార్లు సెలవు అడిగారు. దాదాపు అన్నీ శుక్రవారాలే.

అసలు కాగితాలు అటక మీద మూటలు కట్టి ఉన్నాయట. అక్కడ తేళ్లు ఉన్నాయని ఎవరూ ఎక్కడం లేదు. రిజిస్టరు చాలు అన్నారు అశోక్‌కుమార్ గారు. ముప్ఫై ఒక్క ఏళ్లకు మీకు రావలసిన సంపాదిత సెలవులు 465. అందులోంచి 1,486 తీసేస్తే నిల్వ మైనస్ 1,021. అంటే సంఘం మీకు బాకీ లేదు, మీరే సంఘానికి వెయ్యిన్ని ఇరవై ఒక్క రోజులు బాకీ ఉన్నారు.

అశోక్‌కుమార్ గారు "గింత నమ్మితిమి గదనే" అన్నారు, నన్ను చూసి కాదు, గోడ మీది మీ ఫొటోను చూసి. ప్రశంసాపత్రం అచ్చు ఆపించారు. శుక్రవారాలు మీరు ఏమి చేసేవారో రాసి పంపండి. నాకూ కష్టంగానే ఉంది, కానీ ఉద్యోగం నాది.

ఇట్లు,
స్వర్ణలత, అకౌంటెంట్

తా.క.: బాకీ పడిన రోజులు పని చేసి తీర్చే పక్షంలో మీరు రిటైరవ్వాల్సింది ఈ మార్చిలో కాదు, 2026 ఆగస్టులో. అంతవరకు శాలువాను మళ్లీ అమ్మకానికి పెట్టమన్నారు.

---

కొల్లాపూర్,
10 ఫిబ్రవరి 2023

స్వర్ణలత గారికి,

తలెత్తి రాయలేక తల వంచుకుని రాస్తున్నాను. రాత వంకరగా ఉంటే మన్నించండి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎన్నడూ సెలవు అడిగినట్టు నాకు గుర్తు లేదు. గోపయ్య గారు అలా ఎందుకు రాశారో అర్థం కాలేదు. కానీ "శుక్రవారాలు" అనే మాట దగ్గర దొరికిపోయాననుకున్నాను. ఎవరో చూశారు, ఎవరో చెప్పారు. చెప్పినవారిని నేను తిట్టను. తప్పు నాది.

శుక్రవారం మీ చీరల మూట దించుకోవడానికి బస్టాండుకు పోతాను. అది డ్యూటీయే. కానీ మూట దిగాక నేరుగా షాపుకు రాను. బస్టాండు బయట లీలమ్మ బండి దగ్గర ఆగి మిరపకాయ బజ్జీలు తింటాను. ఒక అరగంట. 1992లో లీలమ్మ బండి పెట్టిన వారమే నేనూ ఉద్యోగంలో చేరాను, అప్పటి నుంచి ఇద్దరం దాదాపు ఏ శుక్రవారమూ తప్పలేదు. ఆలస్యం ఎందుకైందని ఆండాళు అడిగితే "బస్సు లేటు" అంటాను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆర్టీసీ మీద నింద వేశాను. వేళకు వచ్చిన డ్రైవర్ల మీద కూడా వేశాను. సిగ్గుగా ఉంది.

లెక్క కూడా నేనే కట్టాను, మీకు శ్రమ వద్దని. 1,486 శుక్రవారాలకు అరగంట చొప్పున 743 గంటలు. రోజుకు ఎనిమిది గంటల పని కనుక తొంభై రెండు రోజుల ఏడు గంటలు. ఆ మిగిలిన గంట కూడా నేనే భరిస్తాను, తొంభై మూడు రోజులు రాసుకోండి. నాకు రావలసిన సెలవుల్లోంచి కోసుకోండి. పత్రం వేయకపోయినా సరే, నా ఫొటో మాత్రం గోడ మీద నుంచి దించకండి. అక్కడ మా బావమరిది మహేశ్ నేతకు వస్తాడు, చూస్తాడు.

ఈ వారం చీరలు ఏడు, తువ్వాళ్లు పద్దెనిమిది. నా మనసు బాగాలేక బేరాలు కుదరలేదు.

ఇక సెలవు.

ఇట్లు,
భిక్షపతి

తా.క.: అప్పుడప్పుడు రెండో ప్లేటు కూడా తిన్నాను. దానికి అదనంగా ఎన్ని నిమిషాలు పట్టేదో లీలమ్మను అడిగాను. "నీకు రెండు నిమిషాలు సాలు, నోరు గాల్తది అని సూడవు" అన్నది. అది అరగంటలోనే కలిసిపోతుందని మనవి.

---

జోడుగుట్ట,
16 ఫిబ్రవరి 2023

భిక్షపతి గారికి,

మీ ఉత్తరం కమిటీలో చదివి వినిపించమన్నారు. చదివాను. బజ్జీల దగ్గర అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆర్టీసీ దగ్గర ఒకాయన దగ్గేదాకా నవ్వాడు.

కానీ మీరు అనుకున్నట్టు జరగలేదు. గోపయ్య గారు రాసిన 1,486 రోజులు వేరు, మీ అరగంటలు వేరు. రిజిస్టరులో రోజులు ఉన్నాయి, బజ్జీలు లేవు. కాబట్టి ఈ తొంభై మూడు కొత్తవి. కలిపితే 1,579. నిల్వ మైనస్ 1,114. మీరు తగ్గించబోయి పెంచుకున్నారు.

అశోక్‌కుమార్ గారి అనుమానం ఇంకా ముదిరింది. "అరగంట దొంగతనం గింత మంచిగ ఒప్పుకున్నడంటే, పెద్దది ఇంకోటి దాస్తుండు" అంటున్నారు. ఆయన మాటకు నాకు ఒళ్లు మండింది. కానీ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. మీరు రాసింది చదువుతుంటే ఇంత నిజాయితీగా రాసే మనిషి ఇన్ని సెలవులు ఎందుకు దాచాడా అని నాకు పొంతన కుదరడం లేదు.

దయచేసి ఇంకేమైనా ఉంటే ఒకేసారి రాసేయండి. వారానికొకటి చెబితే ప్రతిసారీ కంప్యూటర్‌లో మీ పేరు దగ్గర ఎర్ర గీత లావవుతోంది.

ఇట్లు,
స్వర్ణలత

తా.క.: కమిటీ తరఫున కాదు, ఆడిటర్ గారి తరఫున ఒక ప్రశ్న. వచ్చే నెల ఆయన కొల్లాపూర్ శాఖ తనిఖీకి వస్తున్నారు. శుక్రవారం వస్తే బజ్జీల బండి ఎన్ని గంటలకు తెరుస్తారని అడగమన్నారు.

---

కొల్లాపూర్,
17 ఫిబ్రవరి 2023

అమ్మా స్వర్ణలత,

ఇకపై గారు అని రాయడం లేదు, మీరు నా బిడ్డ వయసులో ఉన్నారు. నేను చెప్పబోయేది బిడ్డకు చెప్పుకోలేని మాటే. అయినా ఆఫీసుకు చెప్పుకోక తప్పదు. అశోక్‌కుమార్ అనుమానం నిజం. పెద్దది ఒకటి దాచాను. నిజానికి రెండు.

మొదటిది. 2009లో ఒక సోమవారం షాపుకు తాళం వేసి ఆండాళును తీసుకుని హైదరాబాద్ పోయాను. మిల్లు చీర కొనిచ్చాను. జిగేల్మనే పాలిస్టర్. చేనేత సంఘం సేల్స్‌మన్ భార్యకు మిల్లు చీర! నా గొంతు మగ్గం తాడుతో బిగించినా తప్పు లేదు. ఆమె తప్పు మాత్రం లేదు. "గంజి వెట్టుడు, ఆరేసుడు, ఇస్త్రీ జేసుడు. అందరి చీరలకు జేసి జేసి చేతులు గుంజుతున్నయి. ఉతికితే పది నిమిషాల్ల ఆరేది నాకు ఒక్కటి గావాలె" అన్నది. ఇప్పటికీ పరదా వెనకే కట్టుకుంటుంది, షాపులోకి వచ్చేముందు మన నేత చీరలోకి మారుతుంది. ఆ ఒక్క రోజు రాసుకోండి.

రెండోది. 2018 ఆషాఢంలో నాకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు, గోళ్లు, చివరికి చొక్కా కాలరు కూడా పసుపుపచ్చగా అయింది. డాక్టరు నలభై రోజులు లేవొద్దన్నాడు. జబ్బు సెలవు పెట్టొచ్చని నాకు తెలుసు. రెండు వందల అరవై రోజుల జబ్బు సెలవు అప్పటికే పోగై ఉందని కూడా తెలుసు. పెట్టలేదు. పెడితే "ఒక్క సెలవు పెట్టని మనిషి" అనే మాట పోతుంది కదా. పరదా వెనక పడుకున్నాను. ఆండాళు షాపు తెరిచింది, రోజూ నా సంతకం తనే పెట్టింది.

ఆషాఢంలో మా షాపులో ఈగలు తోలుకోవడమే పని. పెళ్లిళ్లు ఉండవు, చీర ఎవరు కొంటారు? పడుకుని వింటుంటే పరదా అవతల సంతలాగా ఉంది. ఏమి మంత్రం వేసిందోనని చెవి పెట్టాను. ఒకామె ఎర్ర చీర తీస్తే ఆండాళు అంటోంది, "అది ఒద్దక్కా, రంగు వోతది. మా ఆయన పోదంటడు గాని పోతది. గీ నీలిది తీస్కో." అమ్మా, ఇరవై ఆరేళ్లుగా నేను ఆ ఎర్ర చీర రంగు పోదని ఒట్టేసి చెబుతున్నాను. ఆ నీలిది కొన్నామె మర్నాడు నలుగురిని వెంటబెట్టుకొచ్చింది.

ఆ నలభై రోజుల్లో జరిగినంత అమ్మకం మన శాఖ పుట్టినప్పటి నుంచి ఎన్నడూ జరగలేదు. దానికే ఆ ఏడు మహాసభలో "ఉత్తమ సేల్స్‌మన్" కప్పు నాకిచ్చారు. తీసుకున్నాను. మైకులో రెండు ముక్కలు మాట్లాడమంటే మాట్లాడాను కూడా. "నమ్మకమే వ్యాపారం" అన్నాను. ఆండాళు ఆడవాళ్ల వరుసలో కూర్చుని ఉంది. చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఇంత భారంగా ఉండేది కాదు.

మొత్తం నలభై ఒక్క రోజులు నా పేరున రాయండి. కప్పు ఈ మూటలోనే పంపుతున్నాను.

ఇక సెలవు.

ఇట్లు, సిగ్గుతో
భిక్షపతి

తా.క.: కప్పు లోపల ఉన్న గుండీలు, సూదులు ఆండాళువి. అవి మాత్రం తిప్పి పంపండి.

---

జోడుగుట్ట,
23 ఫిబ్రవరి 2023

పెద్దనాయినా,

అలా పిలిచే హక్కు నాకు ఉందో లేదో ఈ ఉత్తరం చదివాక మీరే చెప్పండి. ఇప్పుడు తల వంచుకోవలసింది నేను.

మీ ఉత్తరం మళ్లీ కమిటీలో చదివాను. మిల్లు చీర దగ్గర నవ్వినవాళ్లు ఆషాఢం దగ్గరికి వచ్చేసరికి నవ్వలేదు. అశోక్‌కుమార్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. "గా కప్పు ఇచ్చింది నేనే గద. ఆడోళ్ల మనసు తెల్సిన మొనగాడు అని మైకుల చెప్పిన గద" అన్నారు. తరువాత మీ పాత ఉత్తరాలన్నీ తీసి ఆడిటర్ గారి ముందు పెట్టమన్నారు. తేళ్ల సంగతి గుర్తుచేస్తే ఎవరూ లేవలేదు. చీపురు పట్టుకుని నేనే అటక ఎక్కాను.

మూటలు మన నూలుతోనే కట్టి ఉన్నాయి. మొదటిది విప్పాను. 1992 నాటిది. "చీరలు తొమ్మిది అమ్మినాను, డబ్బు బ్యాంకులో కట్టినాను. ఇక సెలవు. ఇట్లు, భిక్షపతి." రెండోది తీశాను. "చీరలు పన్నెండు. ఇక సెలవు." మూడోది, నాలుగోది. పదిహేనో ఉత్తరం దగ్గర నా చేతిలో చీపురు జారి కింద పడింది. మీరు సెలవు అడగలేదు. ఉత్తరం ముగించారు. అంతే.

వెంటనే గోపయ్య గారికి ఫోన్ చేశాను. "నా కండ్లు నీకెర్కనే గదమ్మా" అన్నారు. "ఉత్తరం అంతా సదువుడు ఏడ అయితది? భిక్షపతి ఆఖరు మాట పెద్దగ రాస్తడు. గది జూసి విషయం గళ్ల రాసేటోన్ని." ముప్ఫై ఏళ్లు వారం వారం సెలవు అడుగుతుంటే అనుమానం రాలేదా అన్నాను. "పాపం, ఎన్నడు ఇయ్యకపోయినా అడుగుతనే ఉన్నడు, ఎంత ఓపిక అనుకున్న" అన్నారు.

ఆయన్ను ఏమని అనను? ఆయనకు కళ్లు సరిగా కనబడవు, నాకు కనబడతాయి. ఈ నెలలో మీరు నాకు రాసిన మూడు ఉత్తరాలూ నా బల్ల మీదే ఉన్నాయి. మూడింటి చివరా అదే మాట ఉంది. వాటిని రిజిస్టరులో ఎక్కించింది నేను. విషయం గడిలో ఏమి రాశానో ఇప్పుడు చూశాను. "సెలవు". నా లెక్కన 1,486 కాదు, 1,489.

అసలు లెక్క ఇది. సంపాదిత సెలవులు 465, అందులో హైదరాబాద్ పోయిన ఒక్క రోజు తీసేశాం. మీకు 240 రోజుల జీతం పూర్తిగా వస్తుంది. బజ్జీలకు శిక్ష లేదు. రోజుకు అరగంట భోజన విరామం నిబంధనల్లోనే ఉంది, మీరు ఎన్నడూ వాడుకోలేదు. ఆ నలభై రోజులు మీ జబ్బు సెలవుల్లో పడతాయి. మీకు 310 ఉన్నాయి, 270 మురిగిపోతాయి. ఇంతకూ మీరు పెట్టి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇక ఆ నలభై రోజులు షాపు నడిపింది ఆండాళు పెద్దమ్మ కనుక ఆమెకు జీతం ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. 2018 ఆషాఢం నాటి ఆరు ఉత్తరాలు వేరే చేతిరాతలో ఉన్నాయి, అన్నిట్లోకీ ఆ ఆరింటిలోనే కూడికల్లో ఒక్క కొట్టివేత లేదు.

నేను అడగకపోతే మీరు ఈ మాటలేవీ రాసేవారు కాదు. మీ ఇంటి పరదా వెనకది లాగి పదిమంది ముందు చదివి వినిపించాను, అదీ లేని బాకీ కోసం. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. క్షమించండి.

ప్రశంసాపత్రం మళ్లీ అచ్చుకు ఇమ్మన్నారు. మాటలు కొంచెం మార్చాలి. ఏమి రాయాలో మీరే చెప్పండి. కప్పు తిప్పి పంపుతున్నాను, అది ఎవరి దగ్గర ఉండాలో మీ ఇంట్లో తేల్చుకోండి. గుండీలు, సూదులు అందులోనే ఉన్నాయి.

ఇట్లు,
స్వర్ణలత

తా.క.: ఈ నెల 13న నాకు జ్వరమని జబ్బు సెలవు పెట్టాను. జ్వరం లేదు. మా చెల్లె సింధూజ నిశ్చితార్థానికి చీరలు కొనడానికి పోయాం. మీ మాదిరిగా నేనూ ఒప్పుకుని ఆ రోజును సంపాదిత సెలవులోకి మార్చాను. కొన్నవి ఏ చీరలో మాత్రం అడగవద్దు.

---

కొల్లాపూర్,
24 ఫిబ్రవరి 2023

అమ్మా స్వర్ణలత,

పెద్దనాయినా అన్నావు, అంతకంటే ఏం కావాలి. నీ మీద నాకు కోపం లేదు. మైనస్ చూసి భయపడి నేను నోరు విప్పాను గానీ లేకపోతే చచ్చేదాకా విప్పేవాణ్ణి కాదు. భయం పోయింది, సిగ్గు మాత్రం ఇంకా పోలేదు. ఇప్పుడు ఇంకొంచెం పెరిగింది. ఎందుకో రాస్తాను.

నీ ఉత్తరం ఆండాళుకు చదివి వినిపించాను. ఆమె కింద కూర్చుని చీరలు మడత పెడుతోంది. "నలభై రోజులకు నీకు జీతమిస్తరట" అన్నాను. సంతోషపడుతుందనుకున్నాను. మడత ఆపలేదు.

"నలభై రోజులకేనా?" అన్నది.

"మరింకెన్నిటికే?"

"నువ్వు బజ్జీలు తినవోతే దుకానం ఎవలు సూశిన్రు?"

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్రతి శుక్రవారం షాపు తెరిచి వెళ్లాను, తెరిచే ఉండగా తిరిగొచ్చాను. ఎవరు కూర్చున్నారని ఒక్కసారీ ఆలోచించలేదు.

"పొద్దుగాల ఊడ్సేది ఎవలు? గీ చీరలకు గంజి వెట్టింది, ఫాల్ కుట్టింది ఎవలు? నువ్వు బ్యాంకుకు వోతే, కరెంటు బిల్లుకు వోతే గల్లపెట్టె కాడ ఎవలు కూసున్నరు?" కోపంగా అనలేదమ్మా. సరుకు లెక్క చదివినట్టు చదివింది. "జీతమియ్యమని అంటలేను. నువ్వు నలభై అంటివి గని, గది తప్పు లెక్క అని చెప్తున్న."

తరువాత నాకొక సంగతి గుర్తొచ్చింది. ఆమె చెప్పలేదు, నాకే గుర్తొచ్చింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో ఆమెకు ఆపరేషన్ అయిన నాలుగో రోజు. ఆ రోజు సంత, జనం విరగబడి వస్తున్నారు. పరదా పక్కకు తీసి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి కూర్చుని తువ్వాళ్లు అందించింది. నేను వద్దని అనలేదు. "ముందు ఆ పెద్ద తువ్వాళ్లు ఇయ్యి" అన్నాను. అమ్మా, నా జబ్బుకు నలభై రోజులు, ఆమె కోతకు నాలుగు. ఈ మాట కూడా కమిటీలో చదువు. నేనే చదవమంటున్నాను.

రాత్రి ఆమె లెక్క కట్టడానికి కూర్చున్నాను, నువ్వు కట్టినట్టే. ఆమెకు నియామకం లేదు. నియామకం లేదు కనుక సెలవులు రాలేదు. రాలేదు కనుక వాడుకోలేదు. మిగిలినవి ఎన్నో చెప్పడానికి ఏ గడీ లేదు. కాగితం మడిచి పక్కన పెట్టాను.

ప్రశంసాపత్రంలో ఏం రాయాలని అడిగావు. మాటలేవీ మార్చొద్దని చెప్పు. "ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క రోజూ సెలవు పెట్టని" అన్న మాట అక్షరం పొల్లుపోకుండా నిజమే. పేరు ఒక్కటి మార్చి, ఆండాళు అని వేయించండి. నేను ఆడవాళ్ల వరుస వెనకాల ఎక్కడో కూర్చుని చప్పట్లు కొడతాను.

ఇక ఆ మాట రాయను, మళ్లీ రిజిస్టరుకెక్కుతుంది. ఉంటాను.

ఇట్లు,
భిక్షపతి

తా.క.: బిడ్డా, నేను ఆండాళును. ఆయన రాసింది సదివిన. పత్రంల నా పేరు ఎయ్యకుండ్రి. ముప్ఫై ఒక్క ఏండ్లు ఒక్క దినం గూడ సెలవు తీసుకోలేదని మైకుల చెప్తే నాకే సిగ్గయితది, గది మెచ్చుకునే ముచ్చటనా? నలభై రోజుల పైసలు మాత్రం పంపుండ్రి, ఒద్దంటలేను. ఇంకొకటి అడుగుత. నాకు ఎనిమిది దినాలు సెలవు గావాలె. జబ్బు సెలవు గాదు, మంచిగున్నప్పుడు తీసుకునే సెలవు. దరఖాస్తు రాయమంటే ఆయనకు రాయొస్తలేదు, జిందగీల ఎన్నడు రాయలేదట. నాకు గూడ తెల్వదు. ఎట్ల రాస్తరో ఒక కాగితం మీద నువ్వు రాసి వచ్చే మూటల పెట్టి పంపు, సూసి రాస్త. ఏం పని మీద అని అడిగే గడి ఉంటే అది ఖాళీగ ఉంచు.